నిప్పును దూరమని రాశారు

1966 మార్చి 19, శనివారం. 217 డిగ్రీలు. ఆ మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలకు, దక్షిణ జార్జియాలోని ఎన్నిస్ క్రాసింగ్ అటవీ టవర్ దినచర్య పుస్తకంలో వెర్డీ గ్రిఫిస్ రాసిన వరుసలో ఇంకా రెండే మాటలున్నాయి: పొగ తెలుపు, అడుగున నలుపు.

ఆమెకప్పుడు ఇరవై అయిదేళ్లు. నూరడుగుల ఎత్తున, నాలుగు ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన అద్దాల గది ఆమె కచేరీ. నూట పన్నెండు మెట్లెక్కి ఉదయం ఎనిమిదికి అందులో కూర్చుంటే మళ్లీ పొద్దువాలాకే నేల మీద కాలు. గది నడుమ డిగ్రీల గుర్తులున్న గుండ్రటి పళ్లెం, దాని మీద తిరిగే చూపుకమ్మి. పొగ కనిపించగానే కమ్మిని దానివైపు తిప్పి అంకె చూడటం, పక్క కౌంటీ టవర్‌కు ఫోన్ చేసి వాళ్ల అంకె అడగడం, పటం మీద రెండు దారాలు లాగి అవి కలిసిన చోటికి మంటకు అడ్డంగా నేల దున్నే నాగలి ట్రాక్టరును పంపించడం ఆమె పని. కనుచూపు మేరంతా పైన్ చెట్లే. ఆ చెట్ల జిగురుతోనే ఆ ఊళ్లు బతికాయి, ఆ జిగురుకే నిప్పంటే ప్రాణం.

ఆ శనివారం దారాలు కలిసింది డౌలింగ్ వాళ్ల పొలం అంచున. పెద్ద డౌలింగ్ ఎండుగడ్డి తగలబెడుతుంటే గాలి మళ్లింది. ట్రాక్టరు ఇరవై మూడు నిమిషాల్లో చేరింది. కొట్టం కాలిపోయింది కానీ ఇల్లు నిలిచింది.

మరుసటి ఆదివారం ఆ ఇంటి పెద్దకొడుకు రాయిస్ నూట పన్నెండు మెట్లూ ఎక్కి వచ్చాడు. పద్నాలుగేళ్లవాడు, వెదురుబద్దలా ఉండేవాడు.

"మిస్ వెర్డీ, కాలుతున్నది మా ఇల్లేనని మీకెలా తెలిసిందండీ?"

"మీ ఇల్లని నాకేం తెలుసు నాయనా? ఇక్కణ్నుంచి చూస్తే మీరు రెండు వందల పదిహేడు. అంతే."

వాడు పళ్లెం మీద వంగి ఆ అంకెను వేలితో తడిమి చూసుకున్నాడు. అప్పటినుంచి గిటారు వీపున వేసుకుని ఆదివారాలు రావడం మొదలుపెట్టాడు. పైకి ఎవర్నీ రానివ్వకూడదన్నది నియమం. నియమాల విషయంలో గట్టిమనిషే అయినా వెర్డీ ఆ ఒక్కదాన్నీ చూసీచూడనట్టు వదిలేసింది. గాలి తూర్పునుంచి కొట్టినప్పుడు ఇనుప కాళ్లు ఒకే స్వరం మీద గుంయిమనేవి. రాయిస్ తన లావుతీగను ఆ స్వరానికి దించుకునేవాడు.

క్యాట్‌ఫేస్ బ్యాండ్ పుట్టింది ఆ కుర్రవాడి చుట్టూనే. ముగ్గురు గిటార్ల వాళ్లు, ఒక ఆర్గన్, డ్రమ్ముల మీద రాయిస్ తమ్ముడు డార్విన్. జిగురు కోసం పైన్ బెరడును చెక్కినచోట ఏర్పడే మచ్చను అక్కడివాళ్లు క్యాట్‌ఫేస్ అంటారు. రికార్డు కంపెనీవాళ్లకు ఆ సంగతి తెలియక 1973లో వచ్చిన మొదటి ఆల్బమ్ అట్ట మీద కళ్లు మిటకరించే పసుపుపచ్చ పిల్లిని వేశారు. ఎన్నిస్ క్రాసింగ్ జనం ఆ పిల్లిని చూసి పడీపడీ నవ్వుకున్నారు. లోపలి అచ్చుతప్పును మాత్రం ఒక్కరూ గమనించలేదు.

రెండోవైపు చివరి పాట ఎనిమిది నిమిషాలుంటుంది. టేపు పెట్టె మీద పాటల పేర్లు రాసినవాడు ఉత్తరాదివాడు. ఆ పాట పేరేమిటని అడిగితే రాయిస్ తన నాలుక మీద ఉన్నట్టే చెప్పాడు. ఆ ప్రాంతంలో పుట్టిన నోటికి 'ఫైర్' అన్న మాట 'ఫార్' అనే తిరుగుతుంది. టైరు తారవుతుంది, వైరు వారవుతుంది. పెట్టె మీద 'ఫార్ టవర్' అని పడింది. నిప్పు టవర్ దూరపు టవర్ అయిపోయింది. ఆ పేరే అచ్చయింది, రేడియోలో మోగింది, దేశమంతా పాకింది.

"మార్పించరా" అని వెర్డీ అంటే రాయిస్ నవ్వాడు. "పోనీలెండి మిస్ వెర్డీ, మళ్లీసారి ముద్రించేటప్పుడు చూద్దాం." 1978లో అలబామా దారిలో వాళ్ల వ్యాను బోల్తాపడింది. రాయిస్‌తోపాటు ఆర్గన్ వాయించే అతనూ పోయాడు. ఆ తరువాత ఎన్నిసార్లు ముద్రించినా అడగాల్సిన మనిషి లేడు.

గాయకుడు చనిపోయాక పాటకు కొత్త అర్థం వచ్చి చేరింది. దూరపు టవర్ అంటే స్వర్గమనీ, అక్కణ్నుంచి చూస్తున్న ఆడమనిషి దేవదూత అనీ అన్నారు. 'నన్నింకోసారి చూడు, రెండు వందల పదిహేడు' అన్న పంక్తి బైబిలులో రెండో అధ్యాయం, పదిహేడో వచనమని తేల్చారు. అంత్యక్రియల్లో ఆ పాట పెట్టడం ఆనవాయితీ అయింది. బార్లలో ఎవరు వాయిస్తున్నా సరే వెనక బల్ల దగ్గర్నుంచి ఒకడు "ఫార్ టవర్!" అని అరవడమూ ఆనవాయితీయే.

వెర్డీకి ఆ పాట అలా వినిపించేది కాదు. మొదట్లో డ్రమ్ము ఒక్కటే, ఆయాసపడకుండా, నాలుగు నాలుగుగా పడుతుంది. అది మెట్లెక్కే అడుగు. నాలుగు మెట్లకొక మలుపు, మలుపుకొక సింబల్ మోత. తరువాత రెండు గిటార్లు ఒకే పాటను ఒకటి పైనా ఒకటి కిందా పట్టుకుని జోడెడ్లలా నడుస్తాయి. అవి రెండు టవర్లు. మూడోది, మందుసీసా వేలికి తొడుక్కుని తీగ మీద జార్చేది, గాలి. అయిదో నిమిషంలో అన్నీ ఆగిపోయి లావుతీగ ఒక్కటే గుంయిమంటూ నిలబడుతుంది. ఏమీ జరగని మధ్యాహ్నాన్ని రాయిస్ తప్ప ఇంకెవరూ పాటలో పెట్టలేదనీ, చూస్తూ కూర్చోవడం కూడా పనేనని అతనికొక్కడికే తెలుసుననీ ఆమె నమ్మకం. ఆ నిశ్శబ్దం తరువాత మూడు గిటార్లూ ఒక్కసారిగా లేస్తాయి. పొగ కనిపించిందన్నమాట. నలభై ఏళ్లుగా విన్నా అక్కడ ఆమె చేయి తనంతట తనే ఫోన్ కోసం వెతుక్కునేది.

1988లో పొగ జాడ తీసే విమానాలు వచ్చి టవర్ మూతపడింది. 1996లో ఇనుప తుక్కు కింద విప్పుకుపోయారు. అలాంటి టవర్లలో కాపలా పని చేసిన ఆడవాళ్లు ఆ కౌంటీలో నలుగురుండేవాళ్లు. వెర్డీ తప్ప ముగ్గురూ కాలం చేశారు. కాబట్టి 2014 వసంతంలో కౌంటీ చరిత్ర సంఘం ఊరి మొదట్లో క్యాట్‌ఫేస్ పేర లోహపు పలక నిలబెడుతోందని తెలిసినప్పుడు, డెబ్బై మూడేళ్ల వెర్డీ అడిగింది తన పేరు వేయమని కాదు, ఒక్క మాట దిద్దమని. ఆ పని ఒకటి ఉండేదనీ, ఒక మనిషి రెప్పవాల్చకుండా చూస్తే ఒక ఇల్లు నిలిచిందనీ చెప్పే ఆనవాలు ఆ పాట తప్ప మరేదీ మిగల్లేదు. అది కూడా స్వర్గానికి ధారపోస్తే ఇక భూమ్మీద ఏముంటుంది?

సంఘాధ్యక్షుడు వెండెల్ ప్రిడ్జెన్ బీమా ఏజెంటు. మంచివాడు, మాటకారి, వినడం ఒక్కటే రాదు.

"మిస్ వెర్డీ, మీ పాదం పెట్టినందుకే మా ఆఫీసు ధన్యమండీ. చల్లటి తీపి టీ తాగుతారా?"

"టీ తరువాత. పలక కోసం నువ్వు రాయించిన కాగితం చూశాను వెండెల్. ఆ పాట స్వర్గం గురించి కాదు. ఫార్ టవర్ గురించి." ఆమె నోటా ఫైర్ ఫార్ అనే పలికింది.

"అదేనండీ రాశాం. ఫార్ టవర్."

"ఫార్ కాదు. ఫార్!"

"మరి నేనేమన్నానండీ?"

ఆమె కాగితం లాక్కుని అక్షరాలు రాసి చూపించింది. వెండెల్ కళ్లజోడు సర్దుకుని చదివి, గట్టిగా ఊపిరి వదిలాడు.

"మీరు పనిచేసిన చోటని మీకు ముచ్చటగా ఉంటుంది. కాదనను. కానీ రికార్డు మీద ఉన్నదేమిటి? పలకల మీదికి ఎక్కాలంటే సాక్ష్యం కావాలండీ."

ఆమె దినచర్య పుస్తకం బల్ల మీద పెట్టింది. మార్చి 19 పుట తెరిచింది. వెండెల్ ఆ అంకె చూశాడు.

"రెండు వందల పదిహేడు! చూశారా, ఆ వచనం మీ జీవితంలోకి కూడా ఎలా వచ్చిందో!"

"దేవుడు నీ మనసు చల్లగా చూడాలి వెండెల్" అంది వెర్డీ. ఆ ఊళ్లో ఆ దీవెన తెలివితక్కువవాళ్లకే ఇస్తారని వెండెల్‌కు తెలుసు. అతని ముఖం ఎర్రబడింది.

ఆమె ఆగలేదు. సంఘానికి మూడు ఉత్తరాలు రాసింది. జవాబుగా ధన్యవాదాలు మూడుసార్లు వచ్చాయి. పాట మీద పెద్ద వ్యాసం రాసిన ఒక ఆచార్యునికి రాస్తే, స్థానికుల జ్ఞాపకాలు కాలక్రమంలో ప్రసిద్ధ గీతాల చుట్టూ అల్లుకోవడం సహజమేనని మర్యాదగా తెలియజేశాడు. చెవిటివాళ్లకు శంఖం ఊదినా కనీసం ఊదుతున్నట్టు కనిపిస్తుంది. వీళ్లకు అదీ కనిపించడం లేదు. చివరికి మిగిలింది డార్విన్ డౌలింగ్. ఆ టేపు పెట్టె దగ్గర ఆ రోజు ఉన్నవాళ్లలో బతికున్నవాడు అతనొక్కడే.

డార్విన్ పడవ ఇంజన్లు బాగుచేసుకుంటూ నది ఒడ్డున షెడ్డులో ఉంటున్నాడు. అరవై ఏళ్లు, ఒక మోకాలు వ్యానుతోనే పోయింది. ఉడకబెట్టిన వేరుశనగ కాయల సంచీ ఆమె ముందుకు తోశాడు.

"మీరెందుకొచ్చారో తెలుసు మిస్ వెర్డీ. వద్దండీ."

"ఏం వద్దురా? నిజమా?"

"నిజం మీకూ తెలుసు, నాకూ తెలుసు. చాలదా?"

"చాలదు. నువ్వు చెప్తే వాళ్లు వింటారు. నేను చెప్తే ముసలిదాని ముచ్చట అంటున్నారు."

డార్విన్ ఒక కాయ ఒలిచి, తినకుండా చేతిలోనే పెట్టుకున్నాడు. "పోయినేడు టెనెస్సీ నుంచి ఒకావిడ వచ్చింది. కొడుకు పోయాడట. ఫార్ టవర్ అన్న ఆ రెండు మాటలూ వాడి సమాధి రాయి మీద చెక్కించింది. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆవిడకేం చెప్పమంటారు? అమ్మా, అది అటవీశాఖవాళ్ల ఉద్యోగం గురించి, అననా?"

వెర్డీ కాయల సంచీ పక్కకు జరిపింది. అలాంటి అడ్డు వస్తుందని ఆమె అనుకోలేదు.

"ఆవిడ రాయి జోలికి నేను పోను" అంది చివరికి. "ఆవిడకు కావలసింది ఆవిడకు ఆ పాట ఇచ్చింది. కానీ మీ అన్న ఎవరి గురించి రాశాడురా? ఎక్కడో ఉన్నదాని గురించి కాదు. మీ ఇల్లు కాలుతుంటే చూసినదాని గురించి. నువ్వప్పుడు ఎక్కడున్నావు?"

"మంచం కింద." డార్విన్ తల దించుకుని నవ్వాడు. "పన్నెండేళ్లవాణ్ణండీ."

"నేను చూడకపోతే ఆ మంచంతో సహా పోయేవాడివి. ఈ కాయలు ఒలవడానికి ఎవరూ ఉండేవాళ్లు కాదు."

"మీరు రాయిస్‌ను కూడా ఇలాగే దెప్పేవారు."

"వాడు వినేవాడు."

మే నెల సమావేశానికి డార్విన్ ఇస్త్రీచొక్కా వేసుకుని వచ్చాడు. పిమెంటో చీజ్ సాండ్‌విచ్‌లు ఇంకా పంచుతుండగానే లేచి నిలబడ్డాడు. "మా అన్న ఆ పెట్టె ముందు నిలబడి ఫార్ అన్నాడు, ఫార్ అని రాశారు. మేం నవ్వుకున్నాం. మిస్ వెర్డీ చెప్పేది నిజం" అని కూర్చున్నాడు. అరనిమిషం ఎవరూ నమలలేదు. తరువాత తొమ్మిది చేతులు లేచాయి. స్వర్గం వాక్యం తీసేసి, 'ఈ ఊరికి దక్షిణాన మూడు మైళ్ల దూరంలో ఉండిన ఫైర్ టవర్‌ను, దాని కాపలా మనిషిని గురించిన పాట' అని వేయాలని తీర్మానించారు. ఆ సాయంత్రం వెర్డీ తన పికప్పులో ఆ పాట రెండుసార్లు పెట్టుకుని, ఇంటికి చుట్టుదారిన వెళ్లింది.

పలక పోతపోసే కర్మాగారం ఒహాయోలో ఉంది. ఇచ్చిన పనిని కాగితం మీద మళ్లీ అడగడం ఆ కౌంటీలో మనిషిని నమ్మకపోవడం కిందే లెక్క. వెండెల్ పెద్దమనిషి పద్ధతిలో ఫోన్ తీశాడు. ఆ సంభాషణను అతనే తరువాత నిజాయితీగా, రెండు గొంతులతో, వెర్డీకి వినిపించాడు.

"అమ్మాయీ, పాట పేరు మార్చాలి. ఫార్ టవర్ అని ఉండాలి."

"ఫార్ టవర్ అనే ఉందండీ."

"ఉన్నది ఫార్ తల్లీ. మాకు కావలసింది ఫార్."

అవతల కీబోర్డు టకటకలాడింది. "అలాగేనండీ. ఫార్."

కొత్త వాక్యాన్ని కూడా అలాగే చెప్పి రాయించాడు. నమూనా కాగితం వచ్చినప్పుడు సంఘం ముందు దాన్ని గొంతెత్తి చదివాడు. తొమ్మిదిమందీ విన్నారు, తొమ్మిదిమందికీ సరిగ్గానే వినిపించింది. వెర్డీ ఆ రోజు పంటి వైద్యుని దగ్గర ఉంది.

ఆగస్టు 9, శనివారం. రెండు వందల మందిదాకా వచ్చారు. క్యాట్‌ఫేస్ చొక్కాలు, పసుపుపచ్చ పిల్లులు, మడత కుర్చీలు. ముగ్గురు కుర్రాళ్లు పాట వాయించారు, డ్రమ్ముల మీద డార్విన్. అతని మోకాలు సహకరించకపోయినా అడుగు మాత్రం తప్పలేదు. నాలుగు, మలుపు, నాలుగు, మలుపు. అయిదో నిమిషంలో లావుతీగ ఒంటరిగా నిలబడ్డప్పుడు ఆ జనంలో పసిపిల్లలు కూడా కదల్లేదు. వెర్డీ కళ్లు మూసుకుంది. ఆమె జీవితంలో అంత నిండుగా ఉన్న క్షణాలు ఎక్కువ లేవు. గిటార్లు లేచాయి, గుడ్డ లాగారు, ఆమె కళ్లు తెరిచింది.

'ఫార్ టవర్: ఈ ఊరికి దక్షిణాన మూడు మైళ్ల దూరంలో ఉండిన దూరపు టవర్‌ను, దాని కాపలా మనిషిని గురించిన పాట.'

పాట పేరు ఒక్కటే తప్పుగా ఉండేది ఇదివరకు. ఇప్పుడు ఆమె టవర్ పేరు కూడా పోయింది. పాతికేళ్లు నిప్పు కాసిన మనిషి దూరాన్ని కాసినట్టు లోహంలో పోతపోశారు. జనం చప్పట్లు కొట్టారు. వెండెల్ గర్వంగా ఆమెవైపు తిరిగి, "మీ మాటే నిలిచిందండీ మిస్ వెర్డీ!" అన్నాడు.

"చదువు."

"ఫార్ టవర్..."

"నోటితో కాదు. కంటితో."

అతను చదివాడు. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ మొదటినుంచి కదిలాయి. "అయ్యో" అన్నాడు. తరువాతి సమావేశం అక్టోబరులోననీ, అప్పుడు తప్పకుండా పరిశీలిస్తామనీ చెప్పాడు. ఆమె వెనక ఒక కుర్రది తన స్నేహితురాలితో, "అంటే దూరంగా ఉండేదన్నమాట" అంది. "మూడు మైళ్లేగా?" అంది రెండోది.

ఆ మరుసటి వారం, గురువారం ఉదయం, వెర్డీ తనే ఒహాయోకు ఫోన్ చేసింది. ముందుగా కాగితం మీద ఏం చెప్పాలో వరుసగా రాసుకుంది. పలక సంఖ్య చెప్పింది, కౌంటీ చెప్పింది, ఇంటి చిరునామా చెప్పింది. వరుస మూడు, మాట ఒకటి, అంది.

"ఏ మాటండీ?"

"ఫార్."

"ఫార్ అనే ఉందండీ."

"అక్షరాలు చెప్తాను, రాసుకో. ఎఫ్. ఆ..." ఆమె నోటికి 'ఐ' అక్షరం కూడా 'ఆ' అనే తిరుగుతుంది.

"ఏ అన్నారా అండీ?"

"ఏ కాదు. ఆ! ఎఫ్ తరువాత ఆ, తరువాత ఆర్..."

"ఎఫ్, ఏ, ఆర్. అవునండీ. ఫార్."

వెర్డీ రాసుకున్న కాగితం ఉండచుట్టింది. "మంటమ్మా! మంట! ఇల్లు తగలబడుతుంది చూడూ, అది! పొగ! కొట్టం కాలిపోయి, ఇంటి మీదికి వస్తుందే, అది!" అని అరిచి ఫోన్ పెట్టేసింది.

పదకొండు నిమిషాలకు స్వచ్ఛంద అగ్నిమాపక దళం ఎర్రబండి ఆమె వాకిట్లో ఆగింది. వెనకే ఇంకొకటి. దళ నాయకురాలు రోండా క్రూస్ గొట్టం భుజాన వేసుకుని మెట్లెక్కింది.

"మిస్ వెర్డీ! మంటెక్కడండీ? ఒహాయో నుంచి ఎవరో అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది."

"ఇక్కడేం మంట లేదు. బుర్రలో తప్ప."

విషయమంతా విని రోండా నవ్వు ఆపుకోవడానికి టోపీ తీసి మొహానికి అడ్డంపెట్టుకుంది. తరువాత ఫారం తీసి, నెమ్మదిగా రాయబోయింది. ఏం రాస్తోందో వెర్డీ తలకిందులుగానే చదివి ఆమె మణికట్టు పట్టుకుంది.

"తప్పుడు పిలుపు అని రాస్తున్నావా?"

"నియమమండీ. మంట లేకపోతే అంతే రాయాలి."

"పాతికేళ్లలో నాలుగు వేల పొగలు పిలిచాను. అందులో తప్పుడు పిలుపు ఒక్కటి లేదు. ఇప్పుడు రాయనివ్వను."

"మరేమని రాయమంటారు?"

వెర్డీ ఆలోచించింది. వాకిట్లో రెండు బండ్ల ఇంజన్లూ ఆగకుండా మోగుతున్నాయి. పక్కింటివాళ్లు కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"పిలుపు సరైనదే" అంది. "విన్నవాళ్లది తప్పు, అని రాయి."

"ఆ గడి ఇందులో లేదండీ" అంది రోండా.